తెర కిందుగా వచ్చిన చెయ్యి

1944 వేసవి సెలవులకు ముందు బెజవాడ జిల్లా మునసబు కోర్టు వారు ఒక దావాలో నన్ను కమిషనరుగా నియమించారు. కమిషనరు అనగానే ఈ కాలం వాళ్ళు పోలీసు కమిషనరో, మునిసిపల్ కమిషనరో అనుకుంటారేమో, మాకంత భాగ్యం లేదు. కోర్టు తాను కదిలి వెళ్ళలేని చోటికి తన తరఫున ఒక జూనియర్ ప్లీడరును పంపుతుంది. ఆ పని అయ్యేదాకా వాడు కమిషనరు, అయిన మర్నాటి నుంచి మళ్ళీ సీనియరు గారి కట్టలు మోసేవాడు. గట్టు తగాదాల్లో పొలం కొలిపించడం, పంట తగాదాల్లో కుప్పలు చూసి రావడం, కోర్టుకు రాలేని సాక్షుల ఇళ్ళకు వెళ్ళి వాంగ్మూలం రాసుకురావడం మా పనులు. ఫీజు ముందుగానే కోర్టులో జమ అయ్యేది గనక జూనియర్లమంతా కోర్టు ఇచ్చే ఆ నియామకపు వారంటు కోసం కాచుకుని కూర్చునేవాళ్ళం. నాకది వచ్చినప్పుడు నేనూ సంబరపడ్డాను. ఆ సంబరం ఎంతోసేపు నిలవలేదు.

దావా వేసిన మనిషి జైనబ్ బీ. ఇరవై దాటి ఒకటి రెండేళ్ళు ఉంటాయి. తండ్రి మస్తాన్ సాహెబు వన్ టౌనులో దర్జీ. అరుగు మీద ఒక మిషను, లోపల రెండు గదులు, అదీ ఆయన సంసారం. ఆమె భర్త గఫూర్ బట్టల వ్యాపారి. మంగళగిరి మగ్గాల దగ్గర చీరలు కొని తెచ్చి, ఇంట్లోనే గంజి పెట్టించి, ఇస్త్రీ చేయించి ఊళ్ళో కొట్లకు వేసేవాడు. ఆ గంజీ ఆ ఇస్త్రీ అంతా ఇంట్లో ఆడవాళ్ళ పని, అంటే ముఖ్యంగా జైనబ్ పని. ఒకనాడు ఒక చీర అంచు మాడింది. గఫూర్ ఆమె చేతిలోంచి బొగ్గుల ఇస్త్రీ పెట్టె లాక్కుని ఆమె కుడిచేతి మీదే పెట్టి నొక్కాడు. దావాలో ఇంకా చాలా కొట్టడాలు తిట్టడాలు ఉన్నాయి గానీ, అసలు సంగతి అది. వారం తిరక్కుండా ఆమె పుట్టింటికి వచ్చేసింది.

భర్త క్రూరంగా హింసిస్తే పెళ్ళి రద్దు చేయమని ముస్లిం స్త్రీ కోర్టును అడగవచ్చునని 1939లో ఒక చట్టం వచ్చింది. ఆమె ఆ చట్టం కింద వేసింది. హిందూ ఆడవాళ్ళకు మా జిల్లాలో అప్పటికి ఆ దారి కూడా లేదు, కాబట్టి మనవాళ్ళు ఇది చదివి జాలిగా తల పంకించాల్సిన పని లేదు.

గఫూర్ జవాబు దావా వేశాడు. గంజి వారుస్తూ పరధ్యానంగా చెయ్యి కాల్చుకుందట, మొగుడింట్లో పని చెయ్యడం ఇష్టం లేక పారిపోయిందట, తనమీద నింద వేస్తోందట. వన్ టౌనులో చాలామంది అదే నమ్మారు. అలా నమ్మితే ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండదు మరి. ఇటు మొగుడి కొట్టుకు వెళ్ళొచ్చు, అటు మామ దగ్గర చొక్కా కుట్టించుకోవచ్చు.

ఆమె తరఫు వకీలు సోమయాజులు గారు. పెద్దమనిషి, మాటలో మార్దవం, నడతలో మర్యాద. కేసు చెప్పుకోవడానికి తండ్రితో పాటు ఆయన ఆఫీసుకు వచ్చిన మొదటి రోజునే ఆమె ఒక మాట అడిగిందని తర్వాత ఆయనే నాతో చెప్పారు. "విడాకులు ఇప్పిస్తే చాలదండీ. ఇది ఆయనే చేశాడని కోర్టు వారు రాయాలి" అందట. "రెండూ ఒకటేనమ్మా, అది రాయందే ఇది రాదు" అని ఈయన నచ్చజెప్పారట. చట్టప్రకారం ఆయన చెప్పింది ముమ్మాటికీ నిజం.

ఇక్కడ ఆ రోజుల ఆచారం ఒకటి చెప్పాలి. గోషా స్త్రీలు, అంటే పరాయి మగవాళ్ళ కంట పడని స్త్రీలు, కోర్టుకు రానక్కరలేదు. వాళ్ళ ఇంట్లో ఒక గుమ్మానికి తెర కట్టి, తెర వెనక ఆమె, తెర ముందు కమిషనరు, ఇరుపక్షాల వకీళ్ళు కూర్చుంటారు. ప్రశ్న ఇటు నుంచి అటు వెళుతుంది, జవాబు అటు నుంచి ఇటు వస్తుంది. చట్టం వాళ్ళకు ఇచ్చిన గౌరవం అది. జమీందారుల ఇళ్ళకూ నవాబుల ఇళ్ళకూ పనికొచ్చిన గౌరవం. సోమయాజులు గారికి ముస్లిం ఆడమనిషి కేసు వస్తే ముందు గోషా పిటిషను రాయించడం అలవాటు. గుమాస్తా రాసేశాడు, మస్తాన్ సాహెబు చేత అఫిడవిట్టు మీద సంతకం పెట్టించాడు. "నా కుమార్తె గోషా కుటుంబీకురాలు, పరపురుషుల ఎదుటికి రాదు" అని ఉంది అందులో. పేద దర్జీని పట్టుకుని కోర్టు కాగితంలో గోషా కుటుంబం అని రాస్తే ఆ మనిషి పొంగిపోయాడు. ఆ మాట ఇరుగు పొరుగు వాళ్ళందరికీ చెప్పుకున్నాడని నేను వెళ్ళినరోజు తెలిసింది. జైనబ్‌ను మాత్రం ఎవరూ అడగలేదు. ఆమెకు ఇచ్చే గౌరవానికి ఆమె అనుమతి ఎందుకు అనుకుని ఉంటారు.

అనుకున్న రోజు పొద్దున్నే వెళ్ళాం. బెజవాడ ఎండల సంగతి బెజవాడ వాళ్ళకు చెప్పక్కరలేదు, తొమ్మిదికే కొండ మీద నుంచి సెగ దిగుతోంది. లోపలి గది గుమ్మానికి అడ్డంగా తాడు కట్టి పాత దుప్పటి వేలాడదీశారు. రాసుకోవడానికి బల్ల లేకపోతే మస్తాన్ సాహెబు కుట్టుమిషను లోపలికి తెచ్చి, దాని పలక మీద గుడ్డ పరిచి "ఇక్కడ రాసుకోండి బాబూ" అన్నాడు. నా పక్కన బెంచీ మీద సోమయాజులు గారు. ఎదురుగా గఫూర్ తరఫు వకీలు వెంకటాచలం గారు. క్రాసు పరీక్షలో దిట్ట అని పేరు, నవ్వుతూనే గొంతు కోస్తాడని ఇంకో పేరు. గఫూర్ బయట అరుగు మీద కూర్చున్నాడు.

తెర వెనక ఉన్నది ఆ మనిషేనని ఎవరైనా ఆనవాలు పట్టాలి, అది నియమం. తమ తరఫు ఆడమనిషే ఆనవాలు పట్టాలని వెంకటాచలం గారు పట్టుబట్టి గఫూర్ అక్క మహబూబ్ బీని తెచ్చారు. అంటే ఆడబిడ్డ పక్కనే కూర్చుని వింటుండగా ఆమె తన మొగుడి మీద సాక్ష్యం చెప్పాలన్న మాట. తోడుగా జైనబ్ పిన్ని ఒకామె కూర్చుంది. తెర వెనక ముగ్గురు. "ఈమె జైనబ్ బీయే" అని మహబూబ్ బీ లోపలి నుంచి చెప్పింది, నేను రాసుకున్నాను. ప్రమాణం చేయించాను.

గొంతు తొణకలేదు. సోమయాజులు గారు అడిగినదానికి అడిగినంతే చెప్పింది. నేను ఇంగ్లీషులో రాసుకుంటూ పోయాను. జడ్జీ అయితే సాక్షి ముఖం చూస్తాడు. ఎక్కడ తడబడింది, ఎక్కడ కళ్ళు దించింది, ఎక్కడ కోపం వచ్చింది అన్నీ చూసి నిజానిజాలు అంచనా కడతాడు. నా ముందున్నది దుప్పటి. దానికి తడబాటూ తెలియదు, కోపమూ తెలియదు.

తర్వాత వెంకటాచలం గారు అందుకున్నారు. మొదటి ప్రశ్నే వింతగా తోచింది. "మీ నాన్న కుట్టిన బట్టలు ఇళ్ళకు చేర్చేది ఎవరమ్మా?"

"నేనేనండీ. బురఖా వేసుకుని వెళతాను. అమ్మ పోయాక ఇంకెవరున్నారు."

సోమయాజులు గారు బెంచీ మీద ఇబ్బందిగా కదిలారు. వెంకటాచలం గారు అక్కడితో ఆ సంగతి వదిలేసి చెయ్యి కాలిన సంగతికి వచ్చారు. గంజి వారుస్తుంటే కాలిందని నేనంటాను, నువ్వేమంటావు అని అడిగారు. కాదంది. ఇస్త్రీ పెట్టె నువ్వే జార్చుకున్నావని నేనంటాను అన్నారు. అదీ కాదంది. గంజి అని ఒకసారి, పెట్టె జారిందని ఒకసారి, ఏదో ఒకటి తగలకపోతుందా అని రాళ్ళు విసరడం అది. ఆమెకూ అర్థమైనట్టుంది.

"గంజి పడితే ఇలా కాలదండీ, మీరే చూడండి" అంది. దుప్పటి కింది అంచు కొంచెం లేచి ఒక చెయ్యి బయటికి వచ్చింది.

మణికట్టు నుంచి వేళ్ళ మొదళ్ళ దాకా మచ్చ. రెండు పక్కలా గీత గీసినట్టు తిన్నగా ఉండి, మధ్యవేలి దగ్గర మొనగా కలిసింది. ఇస్త్రీ పెట్టె ముందుభాగం ఎలా ఉంటుందో అలా. జారిపడిన పెట్టె గీరుకుని పోతుంది, ఇలా అచ్చు దిగదు. అచ్చు దిగాలంటే ఎవరో పట్టుకుని నొక్కాలి. అదే రాయబోయాను.

"కమిషనరు గారూ, ఏం రాస్తున్నారు?" అన్నారు వెంకటాచలం గారు. నన్ను ఆయన గారూ అనడం అదే మొదటిసారి.

సాక్షి చెయ్యి చూపించింది, దాని మీద మచ్చ ఇలా ఉంది అని రాస్తున్నానన్నాను.

"సాక్షి చూపించిందని మీకెలా తెలుసు? తెర వెనక ముగ్గురు ఆడవాళ్ళున్నారు. ఆ చెయ్యి ఎవరిదో మీరు చూశారా?"

నాకు ఒళ్ళు మండింది. ఎందుకంటే వాంగ్మూలం పూర్తయ్యాక సాక్షి వేలిముద్ర తీసుకుంటాం. గోషా స్త్రీల విషయంలో తెర కిందుగా చెయ్యి వస్తుంది, సిరా పూసి కాగితం మీద అద్దిస్తాం. ఆస్తులు చేతులు మారేవి ఆ ముద్రల మీదే. ఆ చెయ్యి ఎవరిదని ఏ వకీలూ ఏ కోర్టులోనూ నేను ఎరిగి అడగలేదు. ఆ మాటే పైకి అన్నాను. వేలిముద్రకు పనికొచ్చిన చెయ్యి మచ్చ చూపించడానికి ఎందుకు పనికిరాదండీ అన్నాను.

"అది వేరు, ఇది వేరు. నా అభ్యంతరం రాసుకోండి" అన్నారు.

రాసుకున్నాను, రాసుకోక తప్పదు. సరే, ఆనవాలు పట్టిన మనిషి లోపలే ఉంది కదా, ఆమెనే అడుగుదామని "మహబూబ్ బీ గారూ, ఈ చెయ్యి ఎవరిది?" అన్నాను. వెంకటాచలం గారు వెంటనే అడ్డుపడ్డారు. ఆమె మనిషిని ఆనవాలు పట్టడానికి వచ్చింది గానీ సాక్షి కాదు, ఆమెను ప్రశ్నలు అడిగే అధికారం వారంటులో లేదు అన్నారు. వారంటు తీసి చూశాను. నిజమే, లేదు. లోపల మహబూబ్ బీ ఉలకలేదు, పలకలేదు. చెయ్యి మాత్రం ఇంకా అలాగే తెర కింద చాపి ఉంది.

అప్పుడు జైనబ్ అంది, "చెయ్యి ఎవరిదో తెలియాలంటే మనిషి కనపడాలి, అంతేగా అండీ."

పిన్ని ఏదో గొణిగింది. అరుగు మీద నుంచి మస్తాన్ సాహెబు "బేటీ, వద్దమ్మా" అన్నాడు. ఆమె దుప్పటి పక్కకు జరిపి వచ్చి నా ఎదుట నిలబడింది. తల మీద ముసుగుంది, ముఖం మీద లేదు. కుడిచెయ్యి మిషను పలక మీద, నా కాగితాల పక్కన పెట్టింది. "ఇప్పుడు రాసుకోండి" అంది.

రాశాను. సాక్షి తనంతట తాను తెర వెలుపలికి వచ్చి చెయ్యి చూపినదనీ, మచ్చ ఇస్త్రీ పెట్టె మొన ఆకారంలో ఉన్నదనీ రాశాను. తెలుగులో చదివి వినిపించి వేలిముద్ర తీసుకున్నాను. వెంకటాచలం గారు ఒక్క అభ్యంతరమూ చెప్పలేదు. నవ్వుతూ కూర్చున్నారు. ఈయన ఓడిపోయాడు, పైకి దర్పం పోగొట్టుకోలేక నవ్వుతున్నాడు అనుకున్నాను. చట్టం చదివాను గానీ వెంకటాచలం గారిని చదవలేదు.

సెలవుల తర్వాత వాదనలు జరిగాయి. గోషా అని ప్రమాణం చేసి కమిషను తెచ్చుకున్నారు, ఆ గోషా మనిషి ఇల్లిల్లూ తిరిగి బట్టలు ఇచ్చి వస్తానని తానే చెప్పింది, పరాయి మగవాళ్ళు ముగ్గురి ముందుకు నదురూ బెదురూ లేకుండా వచ్చి నిలబడింది అన్నారు వెంకటాచలం గారు. అఫిడవిట్టు పచ్చి అబద్ధం, మొదటి అడుగే అబద్ధమైన కేసులో మిగతాది ఎలా నమ్మాలి అన్నారు. ఇక నా రిపోర్టు మీద పడ్డారు. మచ్చ ఏ ఆకారంలో ఉందో చెప్పడానికి కమిషనరు సాక్షి కాదు, సాక్షి చెప్పింది రాయడమే అతని పని, తన కళ్ళతో చూసింది రాస్తే అది అధికారం మించడమే అన్నారు.

జడ్జీ అయిన మునసబు గారు ఆ వాదన ఒప్పుకున్నారు. మచ్చ గురించి నేను రాసిన వాక్యాన్ని ఎర్ర సిరాతో కొట్టేశారు. ఆమె తెర దాటి వచ్చిందన్న వాక్యాన్ని మాత్రం అట్టేపెట్టారు. ఆమె ఎందుకు వచ్చిందో పోయింది, వచ్చిందన్నది మిగిలింది.

ఆ వాదనలు నడుస్తుండగానే నేను సోమయాజులు గారి దగ్గరకు వెళ్ళాను. కమిషనరుగా పని చేసినవాడు ఒక పక్షంతో మాట్లాడటం పద్ధతి కాదు, అయినా వెళ్ళాను. ఆమెను కోర్టుకే పిలిపించి ఆ చెయ్యి మునసబు గారికి చూపించమన్నాను. "కోర్టులో నిలబెడితే ఆమె గోషా కాదని మనమే ఒప్పుకున్నట్టు అవుతుందోయ్. ఆ అఫిడవిట్టు నా ఆఫీసులో రాసింది" అన్నారు. మింగలేక కక్కలేక ఉన్నారు పాపం. పాపం అంటున్నాను గానీ ఆ రోజు నాకు జాలి కలగలేదు.

తీర్పు వచ్చింది. వాది నమ్మదగిన సాక్షి కాదు, చేతిపై గాయం భర్త చేసినట్టు రుజువు కాలేదు, దావా కొట్టివేయడమైనది. వన్ టౌనులో ఆ సాయంత్రానికల్లా తెలిసిపోయింది, కోర్టు కూడా అబద్ధమనే రాసిందట అని. గోషా కుటుంబమని పొంగిపోయిన మస్తాన్ సాహెబు అరుగు మీద నుంచి మిషను లోపలికి మార్చుకున్నాడు. దారిన పోయేవాళ్ళకు ముఖం చూపించడం ఆయనకే కష్టమైంది.

సోమయాజులు గారు ఫీజు తీసుకోకుండా బందరు జిల్లా కోర్టులో అప్పీలు వేశారు. ఈసారి సిగ్గు విడిచి, తెర తన ఆఫీసు అలవాటే గానీ ఆమె కోరిక కాదని రాసి, ఆమెను బహిరంగ కోర్టులో విచారించమని అర్జీ పెట్టారు. జిల్లా జడ్జీ గారు ఒప్పుకుని ఫలానా రోజు రమ్మన్నారు. అప్పీలు బెంచీ ఎక్కేసరికి యుద్ధం కూడా ముగిసింది. నాకు ఆ రోజు బందరులో వేరే పని ఉంది, కాదు, పని కల్పించుకుని వెళ్ళాను.

జైనబ్ కోర్టు హాల్లో తలుపు పక్కన నిలబడి ఉంది. బురఖా ముఖం మీద నుంచి పైకి తీసేసింది. బురఖా కుడిచేతి అంచు మోచేతి దాకా మడిచి పెట్టుకుంది, పిలవగానే చూపించడానికి వీలుగా. కేసు పిలిచారు. వెంకటాచలం గారు లేచి ఒక మెమో అందించారు. తమ క్లయింటు కిందటి శుక్రవారం సాక్షుల సమక్షంలో భార్యకు తలాక్ చెప్పాడు, పెళ్ళే లేదు గనక అప్పీలులో తేల్చవలసింది ఏమీ లేదు అని. గఫూర్‌కు తెనాలిలో కొత్త సంబంధం కుదిరిందనీ, పాత భార్యా పాత కేసూ వదిలించుకుని రమ్మని పిల్ల తరఫువాళ్ళు షరతు పెట్టారనీ తర్వాత తెలిసింది. ఆమె ఇన్నాళ్ళు కోర్టుల చుట్టూ తిరిగినా దొరకనిది, అవసరం పడేసరికి అతనికి ఒక్క గుక్కలో దొరికింది.

సోమయాజులు గారు లేచి, అయినా కింది కోర్టు రాసిన మాటలు ఉన్నాయి, మా క్లయింటు పరువు ఉంది అని ఏదో చెప్పబోయారు. పరువు కోసం అప్పీలు వినలేమండీ, ఆమె అడిగింది వివాహరద్దు, అది జరిగిపోయింది కదా అన్నారు జడ్జీ గారు. కఠినంగా అనలేదు. ఆయన ముందు ఇంకా చాలా కేసులున్నాయి. అప్పీలు కొట్టేసి తర్వాతి కేసు పిలిచారు. తలుపు పక్కన మనిషి ఉన్న సంగతి ఆయనకు తెలియదు, ఎవరూ చూపించలేదు.

బయట వరండాలో సోమయాజులు గారు ఆమెకు వివరంగా చెప్పారు. ఆమె అంతా విని, "అయితే నేను అబద్ధం చెప్పానని రాసింది కొట్టేశారాండీ?" అంది.

"ఇక దానితో పనేముందమ్మా. నీకు కావలసింది వచ్చేసిందిగా."

"నాకు కావలసింది రాలేదండీ. ఆయనకు కావలసింది వచ్చింది" అంది. మడిచిన బురఖా అంచు కిందికి దించుకుంది. మస్తాన్ సాహెబు గొడుగు తెరిచి పట్టుకున్నాడు. ఇద్దరూ స్టేషను వైపు నడిచారు. సోమయాజులు గారు వాళ్ళ వైపే చూస్తూ, "నేను ఆ పిల్లకు చెప్పింది చట్టమేనోయ్, అబద్ధం కాదు" అన్నారు.

తర్వాత నేను నల్లకోటు విప్పేదాకా ఆ జిల్లాలోనే ప్రాక్టీసు చేశాను. నా దగ్గరకు గోషా పిటిషను రాయమని వచ్చిన ప్రతివాళ్ళతోనూ ఒకటే చెప్పేవాణ్ణి, ముందు ఆ మనిషినే వచ్చి నాతో చెప్పమనండి, తెర వెనక నుంచైనా సరే అని. కొంతమంది ఆడవాళ్ళు తెరే కావాలన్నారు, రాసిచ్చాను. కొంతమంది మాకెందుకండీ, కోర్టుకే వస్తాం అన్నారు. అలా అన్నవాళ్ళ తండ్రులూ అన్నలూ నాకు కేసు ఇవ్వకుండా లేచిపోయేవాళ్ళు. పోనిచ్చాను. ఆ కేసు నాకు నేర్పింది ఇంతే. ఎవరి మర్యాద కోసం కట్టిన తెరో కనుక్కోకుండా కట్టకూడదు.

ఇంకొక్క సంగతి, కోర్టు పనులు తెలియనివాళ్ళ కోసం. రికార్డు రూములో అన్ని కాగితాలూ ఎల్లకాలం ఉంచరు. వాంగ్మూలాలు, కమిషనరు రిపోర్టులు, పిటిషన్లు గడువు తీరాక కట్టలు కట్టి తగలబెట్టిస్తారు. తీర్పులు మాత్రం శాశ్వతంగా భద్రపరుస్తారు. కాబట్టి ఆమె చెప్పిందీ, నేను రాసిందీ, ఎర్ర సిరా గీతతో సహా, ఎప్పుడో బూడిదైపోయి ఉంటాయి. వాది నమ్మదగిన సాక్షి కాదు అన్నది ఇప్పటికీ ఉంది. ఎవరైనా అర్జీ పెట్టుకుంటే నకలు ఇస్తారు.